బోరంచ వాగు దగ్గర నేను తీసేసిన దారి

మా బావ పోయిన తొమ్మిదో రోజున, నారాయణఖేడ్‌లో అక్క వాళ్ల ఇంటి ముందు వేసిన షామియానా కింద కూర్చుని, దినాలకు ఇంకా ఎవరెవరికి కబురు వెళ్లలేదో అక్క చెబుతుంటే కాగితం మీద రాసుకుంటున్నాను. అంతలో ఫోన్ మోగింది. నేను రిటైరై నాలుగేళ్లు దాటింది. చేసినతను మా పాత కంపెనీలో, నేను పనిచేసిన పరీక్షల విభాగంలోనే కొత్తగా చేరిన ఇంజనీరు, నా ముఖం ఎరగనివాడు. చాలా మర్యాదగా మాట్లాడాడు. కొత్త కార్లను కంప్యూటర్‌లోనే నడిపి పరీక్షించడానికి తాము వాడే గతుకుల దారుల్లో ఒకటి ఇరవై ఏళ్ల కిందట నేను కొలిచి ఇచ్చిందేనని, దాని అసలు రికార్డు ఈమధ్య ఒక పాత డిస్కులో దొరికిందని, రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే తాము వాడుతున్న దారి మూడు వందల మీటర్లు తక్కువగా ఉందని, ఆ ముక్క ఎందుకు తీసేశారో గుర్తుందా అని అడిగాడు.

ఇంట్లో అశుభం జరిగిందని, తర్వాత చెబుతానని అన్నాను. పాపం, అతను నొచ్చుకుని ఫోన్ పెట్టేశాడు. ఆ ప్రశ్న ఎవరైనా అడుగుతారేమోనని నేను ఇరవై ఏళ్లు భయపడ్డాను. ఎవరూ అడగలేదు. చివరికి అడిగేసరికి, జవాబు వినవలసిన మనిషి పోయి తొమ్మిది రోజులైంది.

మా బావ డ్రైవరు. మంచి డ్రైవరు. కానీ ఖేడ్‌లో ఆయన్ను ఇరవై ఏళ్లుగా అందరూ తలచుకున్నది కంపెనీ కారును తోలరాక వాగులో పడేసినవాడిగానే. తప్పు ఆయనది కాదు. అది తెలిసినవాణ్ని నేనొక్కణ్నే.

మన ఈడు వాళ్లకు చెప్పనక్కర లేదు, ఒకప్పుడు బండిని చెవితో చూసేవారు. స్క్రూడ్రైవర్ ఒక కొన ఇంజను మీద, ఇంకో కొన చెవికి ఆనించి, కళ్లు మూసుకుని రోగం చెప్పే మేస్త్రీలు ప్రతి ఊళ్లో ఉండేవారు. కార్ల కంపెనీల్లో కూడా పని కొంచెం ఇలాగే సాగేదంటే ఇప్పటి పిల్లలు నమ్మరు. కొత్త మోడల్ అనుకున్నాక ముందు చేత్తో కొన్ని నమూనా బండ్లు కట్టేవారు. వాటిని ఊళ్ల మీదికి పంపి, విరిగేదాకా నడిపించి, ఏది విరిగిందో చూసి, దాన్ని గట్టిచేసి మళ్లీ కట్టేవారు. ఇందుకు చెడ్డ రోడ్లు కావాలి. డిప్లొమా చదివి కంపెనీలో చేరిన కొత్తలో, అంతకన్న చెడ్డ రోడ్డు ఎక్కడైనా ఉందా అని మా పై అధికారి అడిగితే, నేను మా ఖేడ్ దారి చెప్పాను. అప్పట్లో ఖేడ్ నుంచి నాగల్‌గిద్ద దాకా, అక్కణ్నుంచి ఊళ్ల మీదుగా తిరిగి బోరంచ వైపు వచ్చి ఖేడ్ చేరితే, ఒక బండికి రావలసిన కష్టాలన్నీ ఒక్క పూటలో వచ్చేవి. వేసవిలో దుమ్ము, వానాకాలంలో నల్లరేగడి బురద, మధ్యలో తారు లేచిపోయి మిగిలిన కంకర. మా ఊరి గురించి ఒక పెద్ద ఆఫీసులో నేను గర్వంగా చెప్పిన మొదటి సంగతి అదే.

దారి నాది కాబట్టి డ్రైవరును చూసే పని కూడా నాకే వచ్చింది. బావ అప్పటికి ఖేడ్ బస్టాండ్ బయట అడ్డా నుంచి నాగల్‌గిద్దకు జీపు నడిపేవాడు. పన్నెండు మంది కూర్చునే జీపులో ఇరవై మందిని ఎక్కించుకుని, ఎవరి ఒళ్లో జొన్నల సంచి ఉందో, ఎవరికి పురిటి నొప్పులు వస్తున్నాయో గుర్తుపెట్టుకుని, దాన్నిబట్టి గుంతలు తప్పించేవాడు. ఆయన్ను కంపెనీకి పరిచయం చేశాను. పరీక్ష పెట్టిన అధికారి పక్క సీట్లో కూర్చుని ఒక చుట్టు తిరిగివచ్చి, ఈయన్ను వదలొద్దని నాతో అన్నాడు.

నమూనా బండ్లను ఎవరూ గుర్తుపట్టకుండా నల్లటి తొడుగు వేసి పంపేవారు. నాగల్‌గిద్దలో హోటలు ముందు ఆపితే జనం మూగేవారు. హోటలాయన కన్నడం వాడు, మమ్మల్ని చూడగానే "బర్రి, కూడ్రి" అని, రండి కూర్చోండి అంటూ బల్ల తుడిచేవాడు. ఏం బండి, ఏం పేరు అని అందరూ ఒకటే అడగడం.

"ఇంక పేరు పెట్టలే. ఇరవై ఒక్క దినం కానియ్యి, తొట్టెల్ల ఏసి పెడ్తం. నువ్వు గూడ రా, కుడుకలు పంచుతం," అనేవాడు బావ.

ఆయన పని చేసే తీరు గురించి చెప్పాలి. సీటు మీద మెత్త తీయించి పలచటి గోనెపట్టా వేసుకునేవాడు, బండి ఏమంటున్నదో నడుముకు తెలియాలని. ఎంత ఎండైనా అద్దాలు దించే నడిపేవాడు. సాయంత్రం ఖేడ్‌లో మేము అద్దెకు తీసుకున్న షెడ్డులో నా ముందు స్టూలు మీద కూర్చుని ఆనాటి సంగతులు చెబితే నేను రాసుకునేవాణ్ని. "గట్టు ఎక్కుడుకాడ ముక్కుతుంది" అనేవాడు. "బ్రేకు గొంతు పట్టింది" అనేవాడు. ఆ మాటలను నేను ఇంగ్లీషులోకి మార్చి రిపోర్టులో పెట్టేవాణ్ని. నా ఉద్యోగంలో మొదటి ఆరేడేళ్లు నాకు వచ్చిన మంచి పేరంతా ఆయన నడుము చెప్పిన మాటలకు నేను చేసిన అనువాదమే.

తర్వాత కంప్యూటర్లు వచ్చాయి. అప్పటికీ ఉండేవి, కానీ లెక్కలకూ ఉత్తరాలకూ. ఇప్పుడు బండి మొత్తాన్ని, చక్రం నుంచి చిన్న బోల్టు దాకా, కంప్యూటర్ లోపలే కట్టవచ్చని, లోపలే నడిపి లోపలే విరగ్గొట్టవచ్చని మా అధికారి చెప్పాడు. ఇనుము ఖర్చుచేసి బండి కట్టి, విరిగాక నేర్చుకోవడం కన్నా అది ఎంతో తెలివైన పని. ఆ మాట నేను అప్పుడూ నమ్మాను, ఇప్పుడూ నమ్ముతాను. అయితే కంప్యూటర్‌లోని బండికి నడవడానికి దారి కావాలి కదా. అందుకని మా ఖేడ్ దారిని ఒక్కసారి కొలిచి ఇస్తే చాలు, ఇక దాన్ని ఎన్ని వేలసార్లైనా అక్కడే నడుపుకోవచ్చని అన్నారు.

ఒక పాత బండి చక్రాలకు పళ్లెమంత పరికరాలు బిగించి, తీగలు తలుపుల మీదుగా లోపలికి లాగి, వెనక సీట్లో రికార్డు పెట్టె పెట్టుకుని నేను కూర్చున్నాను. బావ నడిపాడు. వేగం ఎక్కడా మారకూడదు, దారి పొడవునా నలభై ఉండాలని అధికారి గట్టిగా చెప్పి పంపాడు. ఆ దారిలో నలభై నిలపడం ఎంత కష్టమో తెలిసినవాళ్లకు తెలుసు. బావ నిలిపాడు.

బోరంచ దగ్గరపడేముందు ఒక వాగు, దాని మీద గోడల్లేని చిన్న కాజ్‌వే ఉండేది. ఎడమ అంచు వరదలకు కొట్టుకుపోయి, వెనక చక్రం ఒక్కసారిగా గుంతలోకి వేలాడి మళ్లీ ఎక్కవలసి వచ్చేది. ఆ కాజ్‌వే మీదికి రాగానే నల్లపోచమ్మ గుడి జెండా కనబడుతుంది. మా దిక్కు డ్రైవర్లందరికీ అక్కడ ఒక అలవాటు. యాక్సిలరేటర్ మీది నుంచి కాలు తీసి, ఒకసారి పొట్టిగా హారన్ కొట్టి, కుడిచెయ్యి కళ్లకు అద్దుకుని, బండిని మనిషి నడకంత వేగంతో వాగు దాటిస్తారు. బస్సైనా అంతే, లారీ అయినా అంతే. బావ ఆ రోజూ అలాగే దాటించాడు. వెనక సీట్లో పెట్టె మీద చెయ్యి వేసి కూర్చున్న నేనూ కళ్లకు అద్దుకున్నాను. వేగం తగ్గిందన్న ధ్యాస ఇద్దరికీ లేదు.

సాయంత్రం షెడ్డులో రికార్డు తెరిచి చూస్తే, దారంతా నలభై దగ్గర నిలిచిన గీత ఆ ఒక్కచోట కిందికి పడిపోయి ఉంది. వేగం బాగా తగ్గిన ముక్క లెక్కకు పనికిరాదు. మర్నాడు మళ్లీ వెళ్లి ఆ మూడు వందల మీటర్లు నలభైలో కొలిచి తేవాలి. అలా చేయాలంటే ఇంకో రోజు బండి కావాలని అధికారికి ఫోన్ చేయాలి, ఎందుకో చెప్పాలి. అంతకు ముందు ఏడాది ఒక నమూనా బండి కింద బావ నిమ్మకాయ కడితే, ఆ అధికారి దాన్ని అందరి ముందు తక్కెడలో పెట్టి, ఈ బరువు కూడా లెక్కలో రాయమని నవ్వించాడు. ఇప్పుడు అమ్మవారికి మొక్కుతూ నెమ్మదించామని, నెమ్మదించింది మా బావేనని, నేనూ మొక్కానని ఎలా చెప్పను? ఆ ముక్కను కత్తిరించి, ఇటు కొసనూ అటు కొసనూ అతికాను. అంత పొడుగు దారిలో అది ఎంతలే అనుకున్నాను. బావకు కూడా చెప్పలేదు.

ఆ అతికిన దారి మీద కొత్త కారును కంప్యూటర్‌లో నడిపారు. తెర మీద బండి కింది భాగమంతా రంగుల్లో కనబడేది, కష్టపడేచోట ఎరుపు, కులాసాగా ఉన్నచోట నీలం. అంతా నీలంగానే వచ్చింది. ఇంతకుముందులాగా అన్ని నమూనా బండ్లు కట్టలేదు. రూఢి కోసం ఒక్కదాన్ని ఖేడ్ పంపారు. కొన్నాళ్లు నడిపి మైళ్లు పూర్తిచేయడమే పని కాబట్టి దానికి కొలత పరికరాలు ఏవీ పెట్టలేదు. మనుషుల బదులు ఇసుక మూటలు వేసుకుని బావ ఒక్కడే తిప్పేవాడు.

మూడో వారంలో ఒక సాయంత్రం స్టూలు మీద కూర్చుంటూనే అన్నాడు. "బామ్మర్ది, ఎనక ఎడమ దిక్కు ఏదో పండ్లు కొరుకుతుంది."

ఆ పళ్లు నూరే చప్పుడు ఎక్కడిదోనని టార్చి వేసుకుని బండి కింద దూరి చూశాను. ఏమీ కనబడలేదు. షాక్ అబ్జార్బర్‌ను పట్టి ఉంచే ఇనుప బ్రాకెట్ అతుకు వెనక సన్నగా పగులుతోందని తర్వాత తెలిసింది, కింద పడుకున్నవాడికి అది కనబడే చోటు కాదు. నేను లోపలికి వచ్చి ఆ వెనక ఎడమవైపు భాగాల బొమ్మను తెర మీద చూపించాను. మొత్తం నీలం.

బావ దాన్ని చాలాసేపు చూశాడు. "రంగు మంచిగనే ఉన్నది. మరి చప్పుడెందుకు వస్తుంది?"

"నీ చెవుల్ల వస్తుండొచ్చు బావ. ఉమర్ అయితుంది."

"నా ఉమర్ సంగతి మీ అక్కనడుగు. నీ కంప్యూటర్ ఎన్నడన్న ఖేడ్ సడక్ మీద కూసున్నదా? ఒక్కపాలి కూసుండబెట్టు, అప్పుడు మాట్లాడుతా గా దానితోని."

ఇద్దరం నవ్వుకున్నాం. నవ్వు తర్వాత ఆయన వెంటనే లేవలేదు. బండి ఆపుదామా అని నేను అంటానని చూశాడనుకుంటాను. నేను రిపోర్టులో ఇలా రాశాను. డ్రైవరు శబ్దం విన్నట్టు చెబుతున్నాడు, విశ్లేషణలో లోపం కనబడలేదు, నడపడం కొనసాగించవచ్చు. అన్నేళ్లలో ఆయన మాటను నేను అనువదించకుండా పక్కన పెట్టింది ఆ ఒక్కసారే.

నాలుగో రోజు పట్టపగలు, బోరంచ కాజ్‌వే మీద బ్రాకెట్ ఊడింది. షాక్ అబ్జార్బర్ జారి చక్రంలో ఇరుక్కుని, బండి ఎడమ అంచు నుంచి ఎండిన వాగులోకి ఒరిగింది. కంది చేలో పనిచేస్తున్నవాళ్లు పరుగెత్తుకొచ్చి బావను బయటికి తీసి, ఆటోలో ఖేడ్ దవాఖానకు తెచ్చారు. నడుము ఎముకలు రెండు చితికాయి. తలకు కూడా దెబ్బ తగిలింది కాబట్టి ఆ రోజు పొద్దుటి సంగతులేవీ ఆయనకు గుర్తులేవు.

విచారణ హైదరాబాద్‌లో, చల్లటి గదిలో జరిగింది. ఆ బ్రాకెట్‌ను కంప్యూటర్‌లో విరగ్గొట్టి చూడాలని అన్నిరకాలా ప్రయత్నించారు. మామూలు వేగంలో విరగలేదు. పెంచుకుంటూ పోతే, డెబ్బై దాటాక విరిగింది. అందుకని డ్రైవరు అతివేగంగా పోయాడని తేల్చారు. నిజానికి దాన్ని పగలగొట్టింది వేగం కాదు. నెమ్మదిగా దాటినా సరే, ప్రతి చుట్టులోనూ ఆ గుంతలో చక్రం వేలాడినప్పుడు పడిన లాగుడు. ఆ గుంత కంప్యూటర్‌లో లేదు, నేను తీసేశాను. అంతకన్న పెద్ద సంగతి ఇంకొకటి ఉంది. ఆ కాజ్‌వే మీద బావ మనిషి నడకంత వేగంతోనే పోతాడనడానికి ఈ లోకంలో చూపించదగిన సాక్ష్యం ఒకే ఒకటి ఉంది, అది నేను కత్తిరించిన ముక్కే. నేను ఆ గదిలో చివరి కుర్చీలో కూర్చుని ఉన్నాను. దారి రికార్డు సరిగా ఉందా అని ఒకరు అడిగారు. ఉందన్నాను.

బ్రాకెట్‌ను ఎందుకైనా మంచిదని గట్టిచేశాకే బండ్లను అమ్మారు కాబట్టి కొన్నవాళ్లకెవరికీ ప్రమాదం రాలేదు. నా మౌనానికి నేను చెప్పుకున్న సాకు అది.

విచారణ మర్నాడు దవాఖానకు వెళ్లాను. బావ వెల్లకిలా కదలకుండా పడుకుని, పైన తిరుగుతున్న ఫ్యాను వంకే చూస్తూ అడిగాడు. "ఏమన్నరు?"

జోరుగా పోయావంటున్నారని చెప్పాను.

"నువ్వేమంటవ్, బామ్మర్ది?"

"కంప్యూటర్ల గట్లనే వస్తుంది బావ."

"నువ్వు చదువుకున్నోనివి. అయితె పోయిన్నేమో. యాదికి లేదు," అన్నాడు.

మళ్లీ ఆయన స్టీరింగ్ పట్టలేదు. నడుము కొంత కుదుటపడ్డాక కూడా, పక్కింటివాళ్ల ట్రాక్టరును నీడకు జరపమంటే జరపలేదు. రెండెకరాల కంది చేనికి వెళ్లడం, రావడం, మధ్యాహ్నం పూట బస్టాండ్ అడ్డా మీద టీ తాగడం, అంతే. అడ్డా వాళ్ల నోళ్లు మీకు తెలుసు. "కంపెనీ డ్రైవర్ సాబొచ్చిండు, జర ఆటోలు పక్కకు పెట్టున్రి, మోరీల పడేస్తడు" అనేవారు. బావ నవ్వి టీ గ్లాసు అందుకునేవాడు. ఆ మాట అన్నప్పుడు ఒకటి రెండుసార్లు నేను పక్కనే ఉన్నాను. నేనూ నా గ్లాసు అందుకున్నాను.

చెబుదామని చాలాసార్లు ఖేడ్ వచ్చాను. వాళ్ల బిడ్డ పెళ్లి అయ్యాక చెబుదాం అనుకున్నాను, అది అయ్యాక, నేను రిటైరయ్యాక అనుకున్నాను. పోయిన ఏడాది ఆయన ఆరోగ్యం చెడిపోయినప్పుడు వారం రోజులు పక్కనే ఉన్నాను, ఇప్పుడు చెబితే మనసు కష్టపెట్టినట్టవుతుందని ఆగాను. చెప్పకపోవడానికి ఎప్పుడూ ఒక మంచి కారణమే దొరికేది.

ఫోన్ పెట్టేశాక అక్క, ఎవరు తమ్మీ అని అడిగింది. ఆఫీసు వాళ్లని అన్నాను. అక్కడితో ఆపితే ఆగిపోయేది. కానీ పేర్ల కాగితం పక్కన పెట్టి మొత్తం చెప్పాను, కత్తిరించిన సంగతి నుంచి దవాఖానలో అన్న మాట దాకా. అక్కకు కంప్యూటర్ల సంగతి ఏం అర్థమైందో తెలియదు. అడ్డు రాకుండా విన్నది. ఏడవలేదు.

"అంటె ఆయన జోరుగ పోలే."

"పోలే అక్కా."

"మొక్కిండు."

"మొక్కిండు."

కొంగు సర్దుకుని లేచింది. "ఇరవై ఏండ్లు నా ఇంట్ల బువ్వ తిన్నవ్, గీ మాట కడుపుల పెట్టుకొని. నాకు చెప్తె ఏమొస్తది? నేను ఎన్నడు ఆయనను అనుమానపడలే. అడ్డ మీదికి వొయ్యి చెప్పు," అని లోపలికి వెళ్లిపోయింది.

వెళ్లాను. అడ్డా మీద ఇప్పుడు జీపులు లేవు, అన్నీ ఆటోలే. నడిపే కుర్రవాళ్లకు మా బావ పేరు కూడా తెలియదు. పాతవాళ్లలో ఇద్దరే మిగిలారు. ఒకాయనకు చెవులు వినబడవు. రెండో ఆయన బావకన్న రెండేళ్లు పెద్ద, ఆ వెక్కిరింతలు మొదలుపెట్టినవాళ్లలో ఒకడు. ఆయన పక్కన బల్ల మీద కూర్చుని, తప్పు మా బావది కాదని, నాదని చెప్పాను. ఎదురుగా ఉన్న ఆటో కుర్రవాళ్లు ఫోన్లలోంచి తలెత్తి చూసి మళ్లీ దించుకున్నారు.

ఆయన బీడీ ఆర్పాడు. "మాకెరుకలేదా? పోచమ్మ జెండ కనవడ్డంక గాయిన బండి జోరుగ పోనిస్తడా? గా తొవ్వల ఎవ్వడు పోనియ్యడు."

మరి ఇన్నేళ్లు ఎందుకన్నారని అడిగాను.

"నవ్వులాటకు అన్నం. కాదు అంటడని చూసినం. ఆయన ఎన్నడు కాదనకపాయె. 'నా బామ్మర్ది కంప్యూటర్ల చూసి చెప్పిండు, నేనే జోరుగ పోయిన్న' అనేది. ఆయననే గట్లంటుంటె మేమేం జేస్తం?"

అక్కణ్నుంచే ఆ ఇంజనీరుకు ఫోన్ చేసి, ముక్క ఎందుకు తీసేశానో ఏదీ దాచకుండా చెప్పాను. అతను, అయితే అసలు రికార్డునే తిరిగి పెట్టుకుంటాం సార్ అన్నాడు. ఇప్పుడు ఆ దారికి తారు పడిందని, వాగు మీద ఎత్తుగా వంతెన కట్టారని, మేము కొలిచిన దారి నేల మీద ఎక్కడా లేదని అతనికి చెప్పాను. ఫరవాలేదు, మాకు కంప్యూటర్‌లో ఉంటే చాలన్నాడు. మంచి కుర్రవాడు. అతను ఖేడ్ ఎప్పుడూ చూడలేదు, చూడవలసిన అవసరం కూడా లేదు.

ఈ రోజుల్లో కారు రోడ్డు ఎక్కేలోపలే లక్షల మైళ్లు తిరిగి ఉంటుంది, ఆ తిరగడంలో ఎవరి నడుమూ విరగదు. ఇది మేలే, కాదనను. మా కాలంలో అయితే సాయంత్రం ఒక మనిషి వచ్చి స్టూలు మీద కూర్చుని బండి బాధ చెప్పేవాడు. అది పోయినందుకు విచారపడే హక్కు నాకు లేదు, అలా వచ్చి చెప్పినవాడి మాటను తోసేసింది నేనే కాబట్టి. నాకు మిగిలిన విచారం వేరు. తప్పు నాది అని చెప్పడానికి ఆ మనిషి ఎదురుగా ఉన్న రోజులు నాకు చాలా దొరికాయి, ఇరవై ఏళ్లు దొరికాయి. ఆ ఇరవై ఏళ్లూ ఆయన చెయ్యని తప్పును తన మీద వేసుకుని మోశాడు, నేను చదువుకున్నవాణ్నని నమ్మి.